విజువల్ లెర్నర్ అన్నారు... తీరా చూస్తే గుణింతాలే రావు

పోయిన ఎపిసోడ్ చూశాక చాలామంది ఒకటే అడిగారు: "అక్కా, హోమ్‌స్కూలింగ్‌కి సిలబస్ ఏది వాడుతున్నారు? మా పాప లెర్నింగ్ స్టైల్‌కి తగ్గట్టు దాన్ని ఎలా మార్చుకోవాలి?" అని. ఈ రెండో ప్రశ్న దగ్గరే నేను ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను. డబ్బులు పోతే పోయాయి, ఆ నెలలు మాత్రం మా వాడివి. అందుకే ఇవాళ ఆ ఒక్క విషయమే మాట్లాడతాను.

మా వాడిని రెండో తరగతి అయ్యాక బడి మాన్పించాం. పొద్దున్నే యూనిఫాం చూస్తే చాలు, కడుపునొప్పి అనేవాడు. నటన కాదు, నిజంగానే నొప్పి వచ్చేది. స్కూల్లో అడిగితే "కొంచెం స్లో అండీ" అన్నారు, అంతే. ఎందులో స్లో, ఎక్కడ ఆగిపోతున్నాడు, అది చెప్పినవాళ్లు లేరు. మా ఆయన, నేను రెండు వారాలు తర్జనభర్జన పడి ఇంట్లోనే చెప్పుకుందాం అనుకున్నాం. కాకినాడలో మా వీధిలో అలాంటి పని చేసినవాళ్లు అప్పటికి ఎవరూ లేరు. చుట్టాల మాటలు మీరే ఊహించుకోండి.

మొదలుపెట్టిన వారంలోనే ఫోన్‌లో ఒక క్విజ్ కనపడింది. ఇరవై ప్రశ్నలు. మీ పిల్లాడు బొమ్మలు ఇష్టపడతాడా, పాటలు ఇష్టపడతాడా, ఒక చోట కుదురుగా కూర్చుంటాడా... ఇలాంటివి. చివర్లో రిజల్ట్: "మీ అబ్బాయి విజువల్ లెర్నర్." నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. "స్లో" అనే మాట పోయి ఇంకో మంచి మాట వచ్చింది కదా! ఇంక చూడండి. గోడ నిండా చార్టులు, జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్లు, లామినేషన్లు, వీడియోలు. "మ" పక్కన మామిడికాయ, "ఏ" పక్కన ఏనుగు. వాడు టకటకా చెప్పేసేవాడు. నేను మురిసిపోయి వీడియోలు తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేదాన్ని.

దసరాకి మా అత్తయ్యగారు వచ్చారు. ఆవిడ చదివింది ఐదో తరగతి. ఒకరోజు మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుతూ, పక్కనే ఉన్న కాగితం మీద "పలక" అని రాసి, "ఇది చదువు నాన్నా" అన్నారు. వాడు ఒక్క క్షణం చూసి "పాలకూర!" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. "మేక" అని రాశారు. "మామిడి" అన్నాడు. "పిల్లి" రాస్తే "పులి" అన్నాడు. తర్వాత నా వైపు చూసి మెల్లగా, "అమ్మాయ్, వీడు చదవట్లేదే. బొమ్మ గుర్తు తెచ్చుకుంటున్నాడు" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడన్నది నిజం. మొదటి అక్షరం చూసి, దానికి దగ్గరగా ఉన్న కార్డు ఏదో తలుచుకుని ఊహించి చెప్పేస్తున్నాడు. నేను పెట్టిన ప్రతి బొమ్మా వాడికి చదవకుండా తప్పించుకునే దారి అయింది. బళ్లో వాడి కడుపునొప్పికి కారణం బహుశా ఇదే. చుట్టూ అందరూ చదువుతుంటే వీడు ఊహిస్తూ కూర్చున్నాడు.

అప్పుడు ఈ లెర్నింగ్ స్టైల్స్ సంగతేంటో సరిగ్గా చదివాను. 2008లో హెరాల్డ్ పాష్లర్, ఇంకో ముగ్గురు సైకాలజిస్టులు కలిసి ఒక రివ్యూ రాశారు. వాళ్ల పాయింట్ సింపుల్. విజువల్ పిల్లలు, వినే పిల్లలు అని విడదీశాక, రెండు గుంపుల్లోనూ సగం మందికి బొమ్మలతో, సగం మందికి మాటలతో చెప్పాలి. అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. విజువల్ వాళ్లు బొమ్మలతో బాగా చేసి, వినేవాళ్లు మాటలతో బాగా చేస్తేనే స్టైల్ ప్రకారం చెప్పడం వల్ల లాభం ఉందని నమ్మొచ్చు. అలా పద్ధతిగా చేసిన స్టడీలే చాలా తక్కువ ఉన్నాయి, వాటిలోనూ కొన్ని పూర్తిగా వ్యతిరేకంగా వచ్చాయి. మల్టిపుల్ ఇంటెలిజెన్సెస్ అని 1983లో పుస్తకం రాసిన హోవర్డ్ గార్డ్‌నర్ కూడా, తన సిద్ధాంతాన్ని లెర్నింగ్ స్టైల్స్‌తో కలపొద్దని తర్వాత గట్టిగానే చెప్పారు.

అంటే పిల్లలందరూ ఒకటేనా? కాదు. తేడాలు బోలెడు. నేనే తప్పు చోట వెతికాను.

నాకు పనికొచ్చిన మొదటి ప్రశ్న: వీడికి ఏం వచ్చు, ఏం రాదు? అది కనిపెట్టడానికి అర్థం లేని మాటలు రాసి చదివించాను. "కిలోపు", "మేటుకి", "తూగొడే". వీటికి బొమ్మ ఉండదు, ఊహించడానికి ఏమీ ఉండదు. రెండు రోజుల్లో లెక్క తేలింది. అక్షరాలు వచ్చు. తలకట్టుకీ దీర్ఘానికీ తేడా తెలీదు. ఎత్వం, ఏత్వం కలిపేస్తున్నాడు. "మ", "య" గుణింతాలైతే పూర్తిగా గందరగోళం. అయినా "మొ", "యొ" పక్కపక్కన పెడితే పెద్దవాళ్లం మనమే తికమక పడతాం, పాపం వాణ్ని అని ఏం లాభం. వత్తులు అసలు మొదలే కాలేదు.

ఇక అత్తయ్యగారు పలక తీశారు. కకు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి, గుడి దీర్ఘమిస్తే కీ... నోటితో అంటూ, చేత్తో దిద్దుతూ, కంటితో చూస్తూ. మరి దీన్ని ఏ స్టైల్ అనాలో మీరే చెప్పండి. పండగకి వచ్చిన ఆవిడ సంక్రాంతి దాకా ఉండిపోయారు. రోజుకి పదిహేను నిమిషాలే, అదీ పొద్దున టిఫిన్ అయ్యాక. సాయంత్రం కూర్చోబెడితే వాడి బుర్ర పనిచేయదు. "వాడికి తగ్గట్టు" మార్చడం అంటే నాకు మొదట అర్థమైంది ఇదే: ఏ పూట, ఎంతసేపు, ఎక్కడి నుంచి.

రెండోది, ఏ పద్ధతి అనేది పిల్లాణ్ని బట్టి కంటే పాఠాన్ని బట్టి తేలుతుంది. గోదావరి ఎటు నుంచి ఎటు పారుతుందో తెలియాలంటే మ్యాప్ చూడాల్సిందే, పాట పాడితే రాదు. మీటరంటే ఎంతో తెలియాలంటే టైలర్ టేపు పట్టుకుని గుమ్మం కొలవాలి. ఎక్కాలకి మా ఇంట్లో కోడిగుడ్ల ట్రే వాడాం. ముప్ఫై గుడ్ల అట్ట ట్రే ఉంటుంది కదా, ఒకవైపు ఐదు, ఇంకోవైపు ఆరు. అడ్డంగా తిప్పినా ముప్ఫైయే అని వాడే కనిపెట్టి వాళ్ల నాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాడు, చెబుదామని.

మూడోది, పాఠం అయ్యాక పుస్తకం మూసి "నాకు చెప్పు" అంటాను. వాడు చెప్పగలిగింది నోట్‌బుక్‌లో ఒక లైను రాసుకుంటా. చెప్పలేనిదే రేపటి పాఠం. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. నాకైతే ఆ నోట్‌బుక్కే సిలబస్. పుస్తకాలు ప్రభుత్వ పాఠ్యపుస్తకాలే, దీక్షా యాప్‌లో ఉచితంగా దొరుకుతాయి. వేలకి వేలు పెట్టి కిట్లు కొనకండి. నేను కొన్నాను, అటక మీద ఉన్నాయి.

రూల్స్ సంగతి కూడా అడుగుతున్నారు, క్లుప్తంగా చెప్తా. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది, చేర్చకపోతే తల్లిదండ్రులకి శిక్ష మాత్రం అందులో రాయలేదు. 14 ఏళ్లు నిండాక ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి పరీక్ష రాయొచ్చు. తెలంగాణ, ఆంధ్ర రెండింట్లోనూ రాష్ట్ర ఓపెన్ స్కూళ్లు కూడా ఉన్నాయి. ముందే కనుక్కుని దిగండి.

ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. పోయిన నెల వాడే అడిగాడు, "అమ్మా, నేను మళ్లీ స్కూల్‌కి వెళ్లొచ్చా? క్రికెట్‌కి పదకొండు మంది కావాలి కదా" అని. నా గుండె జారింది. ఆ కడుపునొప్పి రోజులు గుర్తొచ్చాయి. అయినా దగ్గర్లో ఉన్న ఒక బడికి తీసుకెళ్లాం. టీచర్‌గారు ఒక పేరా ఇచ్చి చదవమన్నారు. వేలు పెట్టుకుని చదివాడు. నెమ్మదిగానే. "వ్యవసాయం" దగ్గర ఆగాడు. నేను ఊపిరి బిగబట్టాను, ఊహించి ఏదో అనేస్తాడేమో అని. అనలేదు. "వ... వ్య... వ్యవ..." అని కూడబలుక్కుని చివరిదాకా వెళ్లాడు. తర్వాత తలెత్తి "గ్రౌండ్ ఎటుంది మేడమ్?" అన్నాడు.

జూన్‌లో ఏం చేస్తామో ఇంకా తేల్చుకోలేదు. అత్తయ్యగారు పంపించెయ్యమంటున్నారు, మా ఆయన ఇంకో ఏడాది చూద్దాం అంటున్నారు. ఏదైనా సరే, ఆ నోట్‌బుక్ మాత్రం ఆపను. తేలాక ఇక్కడే చెప్తాను. ఉంటాను మరి, నమస్తే.