వాట్ ఈజ్ యువర్ ఫాదర్? - ఇంగ్లిషు తొలి పాఠం గురించి కొన్ని మాటలు

(పుదుచ్చేరి పట్టణంలో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొత్తగా ఇంగ్లిషు నేర్చుకునేవాళ్లకు పాఠాలు ఆసక్తిగా ఎలా చెప్పాలో మాట్లాడమన్నారు. నా పీహెచ్‌డీ ఇంగ్లిషు బోధన మీదే. ఆదివారాలు ఇక్కడే, తెలుగు మీడియంలో చదివి డిగ్రీకి వచ్చిన కొందరికి క్లాసు చెప్తుంటాను. వాళ్లలో యానాం వాళ్లున్నారు, శ్రీకాకుళం వాళ్లున్నారు, ప్రకాశం జిల్లా వాళ్లున్నారు. దాదాపు అందరూ ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్లే. ఆసక్తి అనగానే ఆటలు, పాటలు, రంగుల కార్డులు గుర్తొస్తాయి. అవి ఉండాల్సిందే. కానీ నేను ఆటల జాబితా తీసుకురాలేదు. పిల్లవాడు క్లాసులో నోరు ఎందుకు విప్పడు అన్న దగ్గర మొదలుపెడతాను.

మన దగ్గర ఇంగ్లిషు మీద చర్చ వస్తే అది మీడియం దగ్గరే ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మీడియం కోసం జీవో 81, వెంటనే జీవో 85 వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ నెలల్లో తమ పిల్లల్ని కాన్వెంట్లలో చదివించుకున్న పెద్దలు మన పిల్లలకు మాతృభాష గొప్పతనం బోధించారు. ఆ వాదనకు జవాబు మనవాళ్లు చాలామంది చెప్పారు, నేను మళ్లీ చెప్పను. ఇక్కడ పుదుచ్చేరిలో ప్రభుత్వ బడులు సీబీఎస్‌ఈకి మారాయి. అంతకు ముందు యానాం పిల్లలు ఆంధ్ర సిలబస్ చదివేవాళ్లు. బోర్డు మారింది, పుస్తకం మారింది. కానీ నలభై నిమిషాల పీరియడ్‌లో ఏం జరుగుతోంది? టీచరు ఒక వాక్యం చదువుతారు, తెలుగులో అర్థం చెప్తారు, పిల్లలు కోరస్‌గా అంటారు, గైడులో జవాబు కింద గీత గీసుకుంటారు. మీడియం ఏదైనా జరిగేది ఇదే అయితే జీవోలు గెలిచినా మన పిల్లలు గెలవరు.

ఇక తొలి పాఠం. స్పోకెన్ ఇంగ్లిషు పుస్తకం ఏది తెరిచినా మొదట ఉండేది స్వపరిచయమే. వాట్ ఈజ్ యువర్ నేమ్? వేర్ డు యు లివ్? వాట్ ఈజ్ యువర్ ఫాదర్? చాలా తేలికైన, అమాయకమైన పాఠం అంటారు. మన సమాజంలో ఈ మూడు ప్రశ్నలు ఎప్పుడు అడుగుతారో గుర్తు తెచ్చుకోండి. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు అడుగుతారు. హాస్టల్లో చేరిన మొదటి రోజు సీనియర్లు అడుగుతారు. ఇంటి పేరేంటి, ఊళ్లో ఎటువైపు, నాన్న ఏం చేస్తాడు. కులం అనే మాట నోట రాకుండా కులం తెలుసుకునే పద్ధతి అది. అదే ప్రశ్నను క్లాసు మధ్యలో నిలబెట్టి అడిగి, "ఫుల్ సెంటెన్స్‌లో చెప్పు" అంటే పిల్లవాడికి వ్యాకరణం రాక ఆగిపోతాడా?

నా బడిలో మా నాన్న చెప్పులు కుడతాడని చెప్పిన పిల్లలం, ఇంగ్లిషులో మాత్రం "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్" అనేవాళ్లం. పుస్తకంలో ఉన్న పనులు డాక్టరు, టీచరు, పోస్ట్‌మ్యాన్, రైతు. ఉన్నవాటిలో మాకు దగ్గరిది రైతే. మా క్లాసులో సెంటు భూమి లేని రైతులు ఎంతమందో! "మై డైలీ రొటీన్" పాఠమూ అంతే. ఉదయం లేచి వాకింగ్‌కు వెళ్లే తండ్రి, బ్రేక్‌ఫాస్ట్ వడ్డించే తల్లి. తెల్లవారుజామున నాలుగింటికి చీపురు పట్టుకుని పనికి వెళ్లే తల్లికి ఆ పాఠంలో క్రియాపదం లేదు.

పిల్లలు వాళ్ల కష్టాలన్నీ ఇంగ్లిషులో చెప్పాలని నేననడం లేదు. కష్టం చెప్పించడం కూడా ఒక వినోదం అయిపోతోంది ఈమధ్య. మొదటి రోజు తన గురించి చెప్పకుండానే మాట్లాడే పని ఇవ్వాలంటున్నాను, అంతే.

అలాంటి ప్రయత్నం మనకు పక్కనే జరిగింది. ఎన్.ఎస్. ప్రభు అనే భాషాబోధకుడు 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారత బడుల్లో చేసిన ప్రయోగాన్ని ప్రపంచమంతా బెంగళూరు ప్రాజెక్టు అంటుంది. బెంగళూరు, మద్రాసుతో పాటు ఇక్కడికి గంట ప్రయాణంలో ఉన్న కడలూరులోనూ ఆ క్లాసులు నడిచాయి. మామూలు బడులు, మామూలు పిల్లలు. వ్యాకరణం పాఠంగా చెప్పలేదు. రైల్వే టైమ్‌టేబుల్ ఇచ్చి ఫలానా ఊరికి ఏ బండి ఎక్కాలో తేల్చమన్నారు, మ్యాపు ఇచ్చి దారి కనుక్కోమన్నారు. మొదట టీచరు క్లాసంతటితో కలిసి ఒక లెక్క బయటికే చేస్తారు, తర్వాత అలాంటిదే పిల్లలు ఒంటరిగా చేస్తారు. మనసు అర్థం మీద ఉంటే వాక్యనిర్మాణం దానంతట అది లోపలికి వెళ్తుందని ఆయన నమ్మకం. క్లాసులో కనీసం సగం మంది, పనిలో కనీసం సగం చేయగలిగితే అది ఆ క్లాసుకు సరిపోయిందని ఒక మోటు కొలత పెట్టుకున్నారు. 1987లో వచ్చిన ఆయన పుస్తకం 'సెకండ్ లాంగ్వేజ్ పెడగాగీ' బీఎడ్ చదివేవాళ్లు తప్పక చూడాలి. ఒక్క చోట నాకు ఆయనతో పేచీ ఉంది. పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టడం ఆయనకు పెద్దగా ఇష్టం లేదు, టీచరు ఇంగ్లిషే పిల్లల ఇంగ్లిషు కంటే మేలని. మన క్లాసుల్లో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారన్నదే పెద్ద పాఠం కాబట్టి నేను కలిపి కూర్చోబెడతాను.

పుదుచ్చేరి ఊరే మంచి బోధన సామగ్రి. వీధులన్నీ గళ్ల నోటుబుక్కులా నిటారుగా ఉంటాయి. గో స్ట్రెయిట్, టర్న్ లెఫ్ట్, క్రాస్ ద కెనాల్, ఈ మూడు ముక్కలతో బీచ్ నుంచి బజారుకు రావచ్చు. మా వాళ్లకు మ్యాపు ఇచ్చాను. కాలువకు అటు సముద్రం వైపు ఫ్రెంచి వాళ్ల తెల్ల పట్నం, ఇటు నల్ల పట్నం. ఇటువైపు వీధుల పేర్లు చదువుతుంటే వెళ్లాళ వీధి, చెట్టి వీధి, వైశ్యాళ్ వీధి, మన కోమట్ల పేరుతో కోముట్టి వీధి. ఒకమ్మాయి మ్యాపు అంతా వేలితో వెతికి, "వేర్ ఈజ్ అవర్ స్ట్రీట్, మేడమ్?" అని అడిగింది. పుదుచ్చేరి షెడ్యూల్డు కులాల జాబితాలో మాల, మాదిగ, ఆది ఆంధ్ర పేర్లు 1964 నుంచీ ఉన్నాయి, ఆ మ్యాపు మీద మాత్రం కనబడవు. ఆ పూట దారి చెప్పడం పాఠం కాస్తా ప్రశ్న వేయడం పాఠం అయింది. నాకు అంతకంటే మంచి పాఠం ప్లాన్ చేయడం చేతకాదు.

ప్రశ్న వేయడం అన్నాను కదా, అక్కడ ఇంగ్లిషులో ఒక చిన్న సౌకర్యం ఉంది. మన ఊళ్లలో అరవై ఏళ్ల మాదిగ పెద్దను పదేళ్ల దొర పిల్లాడు "ఏరా" అన్నాడు, ఆ పెద్ద వాణ్ణి "మీరు" అన్నాడు. ఇంగ్లిషులో ఇద్దరికీ "యు" ఒక్కటే. దీంతో కులం పోతుందని భ్రమ పడక్కర్లేదు, "సర్", "మేడమ్" అని మనం వెంటనే మెట్లు కట్టేసుకుంటాం. అయినా పిల్లలు నా వైపు చూసి "వై డు యు...?" అని మొదలుపెట్టడం అలవాటు చేసుకోవాలి. అందుకే నా క్లాసులో మొదటి నెల జవాబులకు మార్కులు లేవు, ప్రశ్నలకే.

చదవడానికి ఏం ఇవ్వాలి? బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చూడండి. కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠంగా చెప్తారు, కానీ అందులో వాక్యాలు చిన్నవి, తేటగా ఉంటాయి. 1901లో సతారా నుంచి గోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి పిల్లలు రైల్లో బయల్దేరిన ప్రయాణాన్ని నేను ఇంకా తేలిక చేసి రాసుకున్నాను. మసూర్ స్టేషన్‌లో దిగుతారు. తండ్రి రాలేదు. మంచి బట్టలు చూసి స్టేషన్ మాస్టరు బ్రాహ్మణ పిల్లలనుకుంటాడు. మహర్లమని చెప్పగానే ముఖం మారుతుంది. బండి ఎవరూ కట్టరు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకుంటాడు, కానీ బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. తిండి ఉన్నా నీళ్లు దొరక్క తినలేకపోతారు.

హూ, వేర్, వై, డిడ్. వీటికి ఇంతకంటే సహజమైన సందర్భం ఏ పాఠ్యపుస్తకంలో ఉంది? హూ డ్రోవ్ ద కార్ట్? వై డిడ్ ద కార్ట్‌మ్యాన్ వాక్? నెలన్నర మౌనంగా కూర్చున్న ఒక కుర్రాడు ఆ రోజు లేచి, "డబుల్ మనీ హీ టేక్, బట్ వై హీ నాట్ సిట్?" అన్నాడు. అక్కడ "డిడ్" అని సరిదిద్దబోయే టీచరు దయచేసి ఒక్క నిమిషం ఆగాలి. ముందు ప్రశ్నకు క్లాసు జవాబు వెతకాలి. ఆ మాటను బోర్డు మీద సరైన రూపంలో రాస్తే చాలు, అతనే చూసి రాసుకున్నాడు. జవాబు వెతకడంలో తెలుగు దొర్లింది, దొర్లనివ్వండి. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బడులు చూశాం, అక్కడ పిల్లలు ఇంగ్లిషు నేర్చుకోలేదు, ఊరుకోవడం నేర్చుకున్నారు.

పద్ధతి గురించి ఎంత చెప్పినా చేసి చూస్తేనే తెలుస్తుంది. ఇప్పుడు కాగితాలు పంచుతున్నాను. ఎడమవైపు కూర్చున్నవాళ్లకు స్టేషన్‌లో జరిగిన భాగం, కుడివైపు వాళ్లకు బండి భాగం. పక్కవాళ్ల కాగితం చూడకూడదు, అడిగి తెలుసుకోవాలి. ఇంగ్లిషు రాని చోట తెలుగు, తమిళం ఏదైనా వాడండి. ప్రొఫెసర్లు కూడా లేచి జతలు మారండి. పదిహేను నిమిషాలు.