ఆకురాయి, సుద్దముక్క: వృత్తివిద్యా ఉపాధ్యాయుడి డిగ్రీ కథ
(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి గురించి ఈ సభలో కొత్తగా చెప్పాల్సింది లేదు. వర్క్‌షాపులో ఇన్‌స్ట్రక్టరుగా చేరి, విద్యాశాస్త్ర శాఖలో ఆచార్యుడిగా రిటైరైన మనిషి. ఆకురాయి పట్టిన చేత్తోనే సిద్ధాంతగ్రంథం రాశారు. బీఈడీ వాళ్లు ఆయన్ని ‘వర్క్‌షాపు మనిషి’ అనేవారు, వర్క్‌షాపు వాళ్లేమో ‘బీఈడీ పంతులు’ అనేవారు. రెంటినీ ఆయన బిరుదులుగానే పుచ్చుకున్నారు. పని నేర్పేవాడికి పనీ రావాలి, నేర్పడమూ రావాలి. ఈ రెంటినీ ఒకే డిగ్రీలో కూర్చడం ఎలా అన్నది ఆయన జీవితమంతా వేసుకున్న ప్రశ్న. ఇవాళ ఆ ప్రశ్న చరిత్రే చెబుతాను.

చేతిపనిని చదువులో చేర్చమన్న రూసో, పెస్టలోజీ మీకు కొత్త కాదు. 1862 మోరిల్ చట్టం భూములిచ్చి అమెరికాలో వ్యవసాయ, యాంత్రిక విద్యా కళాశాలలు పెట్టించిన సంగతీ తెలిసిందే. వాటిని దాటి నేరుగా మాస్కో వెళదాం.

అక్కడి ఇంపీరియల్ టెక్నికల్ స్కూలుకు విక్టర్ డెల్లా వాస్ డైరెక్టరు. అంతదాకా పని నేర్చుకోవడమంటే మేస్త్రీ పక్కన ఏళ్ల తరబడి నిలబడి చూడటం. 1868 ప్రాంతంలో ఆయన పనిని విడదీశాడు. ఆకురాయి పనికి ఒక వరస, లేతు పనికి ఒక వరస, కమ్మరానికి ఒక వరస. ప్రతి వరసలోనూ తేలికవాటితో మొదలై కష్టమైనవాటికి సాగే నమూనాలు. విద్యార్థికొక బల్ల, బల్లకొక వైసు. మన ఐటీఐలో ఫిట్టరు ట్రేడు చదివినవాళ్లకు ఇది చిరపరిచితం. ఇనుప పలకను వైసులో బిగించి, ఆకురాయితో రాకి, మూలమట్టం ఆనించి వెలుతురుకెదురుగా పట్టి చూస్తారు. సందులోంచి సన్నటి వెలుగుగీత కనిపించిందా, మళ్లీ రాకాలి. ఆ పాఠం పూర్వీకుల్లో మాస్కో బల్ల ఒకటి.

1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకు ఆ నమూనాలు వచ్చాయి. ఎంఐటీ అధ్యక్షుడు జాన్ రంకిల్ వాటిని చూసి ముగ్ధుడయ్యాడు. అదే బాటలో సెయింట్ లూయిస్‌లో కాల్విన్ వుడ్‌వర్డ్ చేతిపనులు నేర్పే మాన్యువల్ ట్రైనింగ్ స్కూలు పెట్టాడు. పాఠానికి వరస కుదిరాక ఒక మేస్త్రీ గదినిండా పిల్లలకు ఒకేసారి నేర్పగలిగాడు. అలా మేస్త్రీ ఉపాధ్యాయుడయ్యాడు. మరి ఆ ఉపాధ్యాయుణ్ని ఎవరు తయారుచెయ్యాలి?

విస్కాన్సిన్ రాష్ట్రం మెనామొనీ ఊళ్లో జేమ్స్ స్టౌట్ అనే కలప వ్యాపారి 1891లో ఒక చేతిపనుల బడి పెట్టాడు. 1908 నాటికి అది ఉపాధ్యాయులను తయారుచేసే స్టౌట్ ఇన్‌స్టిట్యూట్ అయింది. 1911లో ప్రభుత్వం చేతికొచ్చి, 1917లో డిగ్రీ ఇచ్చే అధికారం సంపాదించింది. ఆ 1917 సంవత్సరమే నా పరిశోధన మకాం. అక్కడ కాస్త నిలబడనివ్వండి.

ఆ ఏడాది ఫిబ్రవరి 23న అధ్యక్షుడు విల్సన్ స్మిత్–హ్యూస్ చట్టం మీద సంతకం చేశాడు. దాని వెనక 1906లో న్యూయార్క్‌లో మొదలైన పారిశ్రామిక విద్యా సంఘం ఉంది, వృత్తివిద్యకు కేంద్రసాయంపై 1914లో వేసిన జాతీయ కమిషన్ ఉంది, ఆ సంఘం కార్యదర్శి చార్లెస్ ప్రాసర్ పట్టుదల ఉంది. వృత్తివిద్యకు కేంద్రం డబ్బిచ్చిందన్నంతవరకే అందరూ చదువుతారు. 12వ సెక్షన్ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. ఉపాధ్యాయ శిక్షణ సంగతి అక్కడుంది. ఏటా 5 లక్షల డాలర్లతో మొదలై 10 లక్షలకు పెరిగే నిధి శిక్షణకే కేటాయించారు. వ్యవసాయం, గృహవిజ్ఞానం, పరిశ్రమలు — ఈ మూడింటిలో దేనికీ ఆ సొమ్ములో 20 శాతానికి తగ్గకూడదు, 60 శాతానికి మించకూడదు. 1920 జూన్ 30 తర్వాత, శిక్షణ నిధిలో కనీస మొత్తం వాడుకోని రాష్ట్రానికి ఉపాధ్యాయుల జీతాల నిధి కూడా రాదు. అన్నిటికన్నా పెద్ద షరతు మరొకటి. నేర్పబోయే పనిలో తగినంత అనుభవమున్నవాడికో, శిక్షణలో భాగంగా ఆ అనుభవం గడిస్తున్నవాడికో మాత్రమే ఈ శిక్షణ ఇవ్వాలి. చేతికి మసి అంటనివాడు ఈ తరగతిలో కూర్చోడానికి వీల్లేదని చట్టమే తేల్చింది.

ఇక్కడ కొంచెం దారి మళ్లుతాను, అధ్యక్షులు మన్నించాలి. 1915లో ‘న్యూ రిపబ్లిక్’ పత్రికలో తత్త్వవేత్త జాన్ డ్యూయీకీ విద్యాధికారి డేవిడ్ స్నెడెన్‌కీ జరిగిన వాదం విద్యాశాస్త్ర విద్యార్థులందరికీ కంఠస్థం. ఉన్న పరిశ్రమకు మనుషుల్ని సర్దిపెట్టే చదువు తనకు అక్కర్లేదన్నాడు డ్యూయీ. పరిశ్రమకు పనికొచ్చే చదువు విడిగా ఉండాల్సిందేనన్నాడు స్నెడెన్. డేవిడ్ లాబరీ వంటి పండితులు దీన్ని డ్యూయీ ఓటమిగా, స్నెడెన్ గెలుపుగా రాశారు. మన సెమినార్లలోనూ అదే పాట. నేను ఒప్పుకోను. పాఠశాల పాఠ్యప్రణాళిక మటుకే చూస్తే వాళ్ల మాట నిజమే కావచ్చు. పాఠం చెప్పేవాడెవడో చూడరేం? శిక్షణ గదిలో వీళ్లిద్దరూ గెలవలేదు. గెలిచినవాడు చార్లెస్ ఆలెన్. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడల కార్ఖానాల్లో ఆరితేరిన కార్మికులనే ఏరి, వాళ్లను బోధకులుగా మలిచిన మనిషి. 1919లో ఆ పద్ధతిని పుస్తకంగా రాశాడు. సన్నాహం, ప్రదర్శన, అన్వయం, పరీక్ష — ఇవి ఆయన నాలుగు మెట్లు. బీఈడీలో పాఠ్యపథకం రాసిన ప్రతివాళ్లకూ వీటి చుట్టరికం తెలిసిపోతుంది, హెర్బార్ట్ సోపానాలే ఇవి! జర్మన్ తత్త్వవేత్త పద్ధతి ఓడకు రివెట్లు కొట్టేవాడి చేతికందిందంటే దాన్ని సంకుచిత శిక్షణ అని కొట్టిపారేస్తామా?

అయితే ఒక అన్యాయం జరిగింది. వ్యవసాయ ఉపాధ్యాయుడికి మోరిల్ కళాశాలల్లో నాలుగేళ్ల డిగ్రీ దొరికింది. కార్ఖానా నుంచి వచ్చినవాడికి ఎక్కువగా దక్కింది సాయంకాలపు తరగతి, ఒక సర్టిఫికెట్టు. చట్టం తెరిచిన సింహద్వారాన్ని విశ్వవిద్యాలయాలు పెరటి గుమ్మం చేశాయి. నా పరిశోధనలో నేను తేల్చిందేమైనా ఉంటే ఇంతే.

తర్వాతి నాలుగైదు దశాబ్దాలు పద్దుల చరిత్ర. నాకు విసుగు, మీకూ విసుగే. 1963కు వస్తాను. ఆ ఏడాదే అమెరికా కొత్త వృత్తివిద్యా చట్టం తెచ్చింది, ఆ ఏడాదే మన ఎన్‌సీఈఆర్‌టీ అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లో ప్రాంతీయ విద్యా కళాశాలలు తెరిచింది. మాధ్యమిక విద్యపై వేసిన మొదలియార్ కమిషన్ కోరిన బహుళార్థసాధక పాఠశాలలకు టెక్నాలజీ, వ్యవసాయం, వాణిజ్యం నేర్పే పంతుళ్లు కావాలి. అమెరికా సాయంతో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ తోడుగా వచ్చింది. మన తెలుగు పిల్లలకు మైసూరే దిక్కు. విషయమూ, వర్క్‌షాపూ, బోధనా ఒకే నాలుగేళ్లలో! మాస్టారి ప్రశ్నకు మన దేశం రాసిన మొదటి జవాబు అదే. కానీ ఆ బహుళార్థసాధక పాఠశాలలే నిలవనప్పుడు టెక్నాలజీ కోర్సు ఎక్కడ నిలుస్తుంది? సైన్సు కోర్సు మాత్రం బతికింది.

అధ్యక్షులు చీటీ పంపారు, త్వరగా ముగిస్తాను. ఐటీఐ బోధకుల శిక్షణ 1948లో బిలాస్‌పూర్ దగ్గర కోనిలో మొదలై హైదరాబాద్ విద్యానగర్ దాకా వచ్చింది. గట్టి శిక్షణే, కాని విశ్వవిద్యాలయ డిగ్రీ కాదు. 1986 విద్యావిధానం 1995 నాటికి ఇంటర్ స్థాయిలో 25 శాతం మందిని వృత్తికోర్సుల్లో చేరుస్తామంది. 1993లో భోపాల్‌లో కేంద్ర వృత్తివిద్యా సంస్థ వచ్చింది. ఉపాధ్యాయ విద్యను నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నాటి నిబంధనల్లో వ్యాయామానికీ, చిత్రకళకూ, సంగీత నాట్యాలకూ ఉపాధ్యాయ కోర్సులున్నాయి, వృత్తివిద్యకు ఒక్కటీ లేదు. 2020 విధానం 2025 కల్లా సగం మంది విద్యార్థులకు వృత్తివిద్య అందాలంది. నేర్పేవాళ్ల దగ్గరికొచ్చేసరికి స్థానిక నిపుణులకు స్వల్పకాలిక శిక్షణలు అంటూ సరిపెట్టింది. మళ్లీ పెరటి గుమ్మమే.

ఈ సభలో ఉపకులపతులున్నారు, పాలకమండలి సభ్యులున్నారు. మీకు నాదొక్కటే విన్నపం. ఐటీఐ బోధకుడి శిక్షణనూ, కార్ఖానా అనుభవాన్నీ పరీక్ష పెట్టి క్రెడిట్లుగా లెక్కించండి. మిగిలిన విషయాన్నీ బోధనాశాస్త్రాన్నీ మీరు నేర్పి, వృత్తివిద్యలో డిగ్రీ ఇవ్వండి. ఆ డిగ్రీని బీఈడీతో సమానం చెయ్యమని ఎన్‌సీటీఈని అడగండి. మాస్టారి పేరిట బంగారు పతకం పెట్టే ఆలోచన ఉందని విన్నాను. ముందు కోర్సు పెట్టండి, పతకం తర్వాత.