యంత్రానికి సెక్షన్ పని నేర్పడం



డిగ్రీ చదివి కొత్తగా చేరిన గుమాస్తాకు అక్షరాలు నేర్పనక్కర లేదు. పాత ఫైళ్లు చూపి సెక్షన్ పద్ధతి నేర్పితే చాలు. కంప్యూటరులోని పెద్ద భాషా మోడళ్లకు చేసే ‘ఫైన్‌ట్యూనింగ్’ ఇలాంటిదే. ప్రశ్న, దానికి సరైన జవాబు – ఈ జతలు వందలు, వేలుగా ఇచ్చి తర్ఫీదు చేస్తారు. 2021లో వచ్చిన ‘లోరా’ పద్ధతిలో అసలు మోడల్‌ను కదపకుండా చిన్న అనుబంధానికే శిక్షణ. ‘లామా ఫ్యాక్టరీ’ వంటి ఓపెన్‌సోర్స్ సాధనాలు ఉచితం. తగిన కంప్యూటరుంటే కాగితాలు మన గది దాటనక్కర లేదు.

అయితే తప్పు మాదిరి ఇస్తే తప్పే నేర్చుకుంటుంది. రద్దయిన జీవో చూపితే ఫ్యామిలీ పెన్షన్ లెక్క తప్పుతుంది. నష్టపోయేది మన సహోద్యోగి భార్యే. కనుక ఆ జవాబులు ముందుగా సరిచూడవలసినది, ఫైళ్లలో తల పండిన మనమే.