వెన్నుపాము దెబ్బయు, దేహమున నాటు యంత్రములును
(మహాసభయందు చేసిన ప్రసంగము)



తాటిచెట్టును నమ్మి బ్రదికిన కులము మనది. నేఁడు మన బిడ్డలు విశాఖపట్టణపు రేవునందును, ఉక్కు కర్మాగారమునందును పనులు చేయుచున్నను, మోకును గీతకత్తిని విడువనివారు పల్లెలలో నింకను గలరు. మోకు జాఱి పడినవానికిని, పరంజామీఁదినుండి పడినవానికిని వచ్చు నాపద యొక్కటియే: వెన్నెముక విఱిగి లోని వెన్నుపాము నలుగుట.

కాళ్లు మాత్రమే పోవునని లోకము తలంచును. మలమూత్ర విసర్జనము, స్పర్శ, దాంపత్యము, మెడకడ తగిలినచో చేతులు, ఇవన్నియుఁ జెడును. ఇంటివారు చెప్పుకొన సిగ్గుపడు సంగతులే రోగిని మిక్కిలి బాధించును. 2004లో అమెరికాయందు రోగులనే యడిగి ప్రకటించిన పరిశీలనమున, చేతులు పోయినవారు మొదటఁ జేతులనే కోరిరి. కాళ్లు మాత్రమే పోయినవారు దాంపత్యసుఖమును ముందు చెప్పిరి. నడక ప్రథమస్థానమునకు రాలేదు! ఆరోగ్యవంతులమైన మనము వారి కోరికలను మన యూహతోఁ గొలుచుచున్నాము.

లండనున బ్రిండ్లీ పండితుఁడు 1970 దశకాంతమున నాడీమూలములకు విద్యుత్తు నందించు యంత్రమును దేహమున నమర్చి, మూత్రాశయమును రోగి యిచ్ఛకు లోఁబఱచెను. మా దృష్టిలో నిదియే మహోపకారము. చేతికిఁ బట్టు నిచ్చు ఫ్రీహాండ్ అను యంత్రమునకు 1997లో అమెరికా ప్రభుత్వ మనుమతి యిచ్చెను; కొలఁది యేండ్లకే తయారుచేయువారు దాని విక్రయము మానిరి. దేహములో నాటిన యంత్రమునకు మరమ్మతు చేయువాఁడు కఱవైన రోగి గతి యేమి? 2023లో స్విట్జర్లాండునందలి లోజాన్ పండితులు మెదడునకును వెన్నుపామునకును యంత్రములతో వారధి కట్టి, ఒక రోగి తలంపుచేతనే యాతని నడిపించిన వార్తను ప్రకటించిరి. అద్భుతమే, కాని యది మన పల్లెకు వచ్చుసరికి ఎన్ని తరములు గడచునో!

అంతవఱకు చేయఁదగినది కలదు. పడినవానిని కాలుసేతులు పట్టి యెత్తరాదు. చదునైన పలకపై మెడ కదలకుండఁ జేర్చవలెను. మంచము పట్టినవానిని రెండేసి గంటల కొకమాఱు ప్రక్కకుఁ ద్రిప్పవలెను. లేనిచో పుండ్లు పడును. 1954లో ప్రమాదమునఁ గాళ్లు పోయిన డాక్టరు మేరీ వర్గీసు వేలూరునందు చక్రాలకుర్చీలోఁ గూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేసెను.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య పేర రక్షణసామగ్రిని గీతకార్మికులకుఁ బంచ నారంభించెను. అట్టిది మనకును గావలెనని తీర్మానింపుఁడు. మఱియొకటి: సంఘము కట్టఁదలఁచిన కల్యాణమండపమునకు మెట్లప్రక్కన వాలుబాటయు, వెడల్పైన తలుపుగల మరుగుదొడ్డియు నీ పటములో లేవు. పునాది తీయకమునుపే వానిఁ జేర్పవలయునని కార్యవర్గమును గోరుచున్నాము.