తోలు మనది, చప్పుడు ఎవరిది?

(కొత్తగూడెంలో డప్పు నేర్చుకుంటున్న పిల్లల ముందు, వాళ్ల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ మీటింగు సంగతి బస్తీల చెప్పబోతే ఒక పెద్దమనిషి మమ్మల్ని నిలదీసిండు. "మా అయ్య ఊళ్లె డప్పు కొట్టి కొట్టి సచ్చిండు. నేను బాయిల దిగి బొగ్గు తవ్విన. నా కొడుకును చదివిస్తున్న. మళ్ల వాని చేతికి సిర్ర ఇస్తరా మీరు?" అన్నడు. అక్కడ మేము జవాబు చెప్పలేకపోయినం. ఇయ్యాల చెప్తం. కాని ముందుగాల జపాన్ దాక పోయి రావాలె.

జపాన్‌లో తైకో అని పెద్ద డోలు ఉంటది. చెట్టు మొద్దును తొలిచి రెండు దిక్కుల పశువు తోలు బిగిస్తరు. గుళ్లల్ల, పండుగలల్ల కొట్టేది. 1951లో ఓగుచి దైహాచి అనే జాజ్ డ్రమ్ము వాద్యకారుడు సువ ప్రాంతంలో చిన్న డోళ్లు, పెద్ద డోళ్లు కలిపి ఒక బృందంగా కొట్టించిండు. పాత దరువుకు కొత్త సంగీతం తోడైంది. 1981లో సాదో దీవిలో మొదలైన కోదో బృందం దేశదేశాలు తిరిగింది. జనం టికెట్టు కొనుక్కొని చూసిన్రు, చప్పట్లు కొట్టిన్రు.

మరి ఆ తోలు తీసినోళ్లు ఎవరు? బురాకు జనం. రంగు వేరు కాదు, భాష వేరు కాదు, దేవుడు వేరు కాదు. చచ్చిన పశువును ఎత్తినందుకు, తోలు శుద్ధి చేసినందుకు ఊరి బయట పెట్టిన్రు. 'ఎతా' అని పిలిచిన్రు, అంటే మురికి నిండినోళ్లని. 1871లో సర్కారు ఆ పేరును రద్దు చేసింది. కాగితం మీద పోయింది గని పెండ్లి సంబంధం కాడ, నౌకరి కాడ పోలే. 1922లో వాళ్లు క్యోటోలో సుయ్‌హెయ్‌షా అనే సంఘం పెట్టుకున్నరు. బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు ముట్టింది 1927లో. 1975లో ఇంకో ఘోరం బయటపడ్డది: బురాకు వాడలు ఎక్కడెక్కడ ఉన్నయో రాసిన పుస్తకాన్ని కంపెనీలు దొంగచాటుగ కొనుక్కున్నయి, ఆ వాడల పిల్లలకు నౌకరి ఇయ్యకుండ ఉండటానికి. మనల్ని "ఏ ఊరు, ఏ వాడ, ఇంటిపేరేంది" అని అడుగుతరు సూడు, అదే.

ఒసాకా నగరంలో నానివా వాడ డోళ్ల తయారీకి పేరుపడ్డది. తరతరాలు అక్కడ డోలు చేసిన్రు. వేదిక మీద పేరు మాత్రం వేరేటోళ్లది. 1987లో ఆ వాడ యువకులు సొంత బృందం పెట్టుకున్నరు. పేరు 'ఇకారి'. అంటే కోపం.

మన కథ కొంచెం వేరు. డప్పు చేసింది మనమే, కొట్టింది మనమే. కొట్టమన్నది మాత్రం దొర. చావుకు, చాటింపుకు, జాతరకు. కూలి అడిగితే చాటెడు గింజలు, లేకుంటే తిట్లు. వెట్టి అది. పెద్దమనిషి కోపం ఆ వెట్టి మీదనే, అది న్యాయమైన కోపమే.

కాని ఆ దండోరనే 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగలు తమ ఉద్యమానికి పేరు చేసుకున్నరు. ముప్పై ఏండ్లు డప్పు మోగింది. 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణల చట్టం అమలుకు వచ్చింది. దొర చాటింపుకు కొట్టిన డప్పూ అదే, దీనికి కొట్టిన డప్పూ అదే.

అందుకని పెద్దయ్యా, మీ కొడుకు చేతికి సిర్ర మేము పెట్టం. వాడు అడిగితేనే. బడి ఎగ్గొట్టి కాదు. ఎవరో కబురు పెట్టంగనే ఉరుకుడు లేదు; పోతే పైసలు ముందుగాల మాట్లాడుకొని పోవాలె. ఆడపిల్లలూ నేర్చుకుంటరు.

ఒక్క కష్టం ఉంది. ఇయ్యాల ఫైబర్ డప్పు దుకాణంల దొరుకుతది. వానకు మెత్తబడదు, మంట కాడ కాగబెట్టే పని లేదు. దాన్ని తప్పు పట్టం. కాని పలకకు తోలు ఎట్ల బిగించాలె, చింతగింజల అంబలి ఎంత చిక్కగ కాచాలె, ఈ పిల్లలకు తెల్వదు. నిజం చెప్పాలంటే మాకూ సరిగ్గ తెల్వదు. మీ అయ్య మీకు చూపించే ఉంటడు. ఆ వెనక వరుసల కూసున్నరు, మేము చూసినం. జర ముందుకు రాండ్రి.