మంచుకొండలలో గడ్డము



గడ్డమును గూర్చి యొక ఉపన్యాసమా యని మీరు నవ్వవచ్చును. మన యూళ్లలో గడ్డము పెరుగుటకు కారణములు కొన్నియే కలవు: దీక్ష, అశౌచము, సోమరితనము, తిరుపతి మ్రొక్కు. నాది కడపటిది. నా కుమారుడు పెద్దజబ్బు పడి కోలుకొన్ననాడు తలనీలములతోపాటు గడ్డమును గూడ స్వామికి సమర్పింతునని మ్రొక్కుకొంటిని. కొండకు బోవునంతవఱకు మంగలికత్తి తాకరాదు. ఆ నడుమ, 2018 జనవరిలో, నా మేనల్లుడు హిమాలయములకు రమ్మని పట్టుబట్టెను.

మేము పోయినది కేదారకంఠమునకు. అది ఉత్తరాఖండమున ఉత్తరకాశి జిల్లాలోనిది. ఎత్తు సుమారు 12,500 అడుగులు. సాంక్రి యను గ్రామమునుండి నడువవలెను. దారిచూపుటకు ఆ ప్రాంతపు యువకుడొకడు వచ్చెను. అతడు నన్ను చూచినతోడనే, "బాబూజీ, ఈ గడ్డమును కురుచ చేయించుకొనుడు" అనెను. నేను మ్రొక్కు సంగతి చెప్పితిని. దేవునితోడి పని యగుటచే అతడు మఱి మాటాడలేదు.

గొఱ్ఱెకు ఉన్ని యెట్లో నాకు గడ్డ మట్లని నా ధైర్యము. గొఱ్ఱె మూతిమీద ఉన్ని యుండదను సంగతి నాకప్పుడు తోచలేదు.

శిఖరమెక్కు దినమున తెల్లవాఱుజామున మూడుగంటలకు బయలుదేఱితిమి. మనము విడుచు ఊపిరి వెచ్చనిది, తేమతో నిండినది. అది చల్లని వెండ్రుకలకు తగిలి మంచుబొట్టగును. ఆ బొట్టు గడ్డకట్టును. దానిపై మఱియొక ఊపిరి, మఱియొక పొర. ఎక్కుచు రొప్పుచున్నవానికి ఈ పని మఱింత వేగముగా జరుగును. వెలుగు వచ్చునప్పటికి నా మీసము, గడ్డము, కోతిటోపీ యంచు ఒక్కముద్దయై బిగిసిపోయినవి. నీరు త్రాగుటకు నోరు తెఱచిన వెండ్రుకలు కుదుళ్లతో లాగినట్లయ్యెను. మేనల్లుడు నవ్వి ఫోటో తీసెను.

దారిచూపువాడు నవ్వలేదు. "గడ్డము క్రింద నొప్పిగా నున్నదా?" అని యడిగెను. లేదంటిని. అతని ముఖము మాఱెను. చలిలో నొప్పి యుండుట మేలు. ఉన్న నొప్పి మాయమగుటయే కీడు. నన్ను గాలి తగులని బండచాటున గూర్చుండబెట్టి, చేతితొడుగు తీసి, వట్టి అరచేతిని నా మూతిపై నానించి పట్టుకొనెను. మంచు వదులగుటకు చాలసేపు పట్టినది. క్రిందిపెదవికి దిగువ రూపాయిబిళ్లంత మేర మైనమువలె తెల్లబడియుండెను. మంచుతొడుగు క్రింద నున్న దానిని అంతవఱకు ఎవరును చూడజాలకపోయిరి. మేనల్లుడు మంచుతో రుద్దబోగా అతడు చేయి పట్టి ఆపెను. అట్లు రుద్దుట పూర్వపు పద్ధతియే కాని, దానివలన చర్మము మఱింత చెడును. నిప్పుసెగయు గూడదు, మొద్దుబాఱిన చర్మము కాలుచున్నను తెలియదు. కొంతసేపటికి చీమలు కుట్టినట్లు నొప్పి పుట్టెను. నాకంటె అతడే ఎక్కువ సంతోషించెను. శిఖరము కనబడుచుండగనే వెనుదిరిగితిమి.

గుడారమున అతడు కత్తెర తెచ్చి నా యెదుట నుంచెను. "మామయ్యా, మ్రొక్కు మంగలికత్తికి గాని కత్తెరకు గాదు గదా!" అని మేనల్లుని వాదము. అది వకీలు మాట, నాకు నచ్చలేదు. చాలసేపు ఊరకుంటిని. తుదకు, బిడ్డ నిచ్చిన స్వామి తండ్రి మూతిని కోరడని తలచి, కత్తెర తీసికొని నేనే కత్తిరించుకొంటిని. ఒక్క వెండ్రుకయు పోనీక రుమాలులో మూట గట్టితిని.

ఇంటికి వచ్చినపిమ్మట చదివి తెలిసికొన్నది: ఉత్తరధ్రువ ప్రాంతములలో ఎస్కిమోల నడుమ ఏండ్లకొలది వసించిన స్టెఫాన్సన్ అను కెనడా యాత్రికుడు, శీతకాలమున గడ్డము వలదని నూఱేండ్ల క్రిందటనే వ్రాసియున్నాడు. నున్నని ముఖమైన బిగిసినచోటు చేతికి వెంటనే తెలియును. అరచేయి పెట్టిన చాలును. నాకు జరిగినదంతయు అతని మాటలలో నున్నది.

మీ పిల్లలు సైన్యములోనో, చదువులకో చలిదేశములకు బోవునప్పుడు ఈ మాట చెప్పుడు. క్షౌరము ముందునాటి రాత్రియే చేసికొనవలెను. ఉదయము గొఱిగిన పచ్చిచర్మమునకు గాలి కత్తివలె తగులును. మంచు పట్టిన మీసమును పెఱుకరాదు, కరగనీయవలెను. మూతికి చుట్టిన గుడ్డ తడిసినచో మార్చుటకు వేఱొకటి పొడిది లోపలిజేబులో నుండవలెను. గంట కొకమాఱు తోడివాని ముఖమును చూడవలెను. ఎవని ముఖము వానికి కనబడదు గదా. నూనె పూసిన చలి యాగునన్నది భ్రమ. నా కొబ్బరినూనె సీసాలో రాయియై కూర్చుండెను.

మార్చిలో కొండకు బోతిమి. కల్యాణకట్టలో మంగలికి మూట విప్పి చూపి కథ చెప్పితిని. అతడు నవ్వక, ఆ వెండ్రుకలను నా తలనీలములతో గలిపి, "గోవిందా" అనెను. నేఁటికిని చలి వచ్చిన తొలుత నాకు తెలియునది పెదవి క్రింద ఆ రూపాయిబిళ్లంత చోటనే.