రాలిన ఆకు కింద సాగే పని

అటవీశాస్త్రంలో నేడు పట్టాలు అందుకుంటున్న యువతీయువకులు మాను చుట్టుకొలతను, కలప ఘనపరిమాణాన్ని లెక్కగట్టడంలో ఆరితేరినవారు. అయితే అడవి తన తిండిని తానే తిరిగి సమకూర్చుకునే చోటు చెట్టు కింద, రాలిన ఆకుల పొరలో ఉన్నందువల్ల, ఈ స్నాతకోత్సవ వేళ ఆ పొరను తలచుకోవడం సముచితం.

నల్లమలలో వేసవి ముదిరేసరికి టేకు, నల్లమద్ది, చిరుమాను ఆకు రాలుస్తాయి. తేమ లేనిదే శిలీంధ్రాలకు, అంటే బూజు జాతి జీవులకు, పని సాగదు కనుక ఆ ఆకు తొలకరి దాకా గలగలలాడుతూ పడి ఉంటుంది. వానలు పడ్డాక ఒక టేకు ఆకును తిరగేసి చూస్తే, మెత్తని భాగం పోయి ఈనెలు జల్లెడలా మిగిలి ఉండటం, దాని కింద రోకలిబండ చుట్టచుట్టుకుని ఉండటం, పక్కనే అది విసర్జించిన చిన్న చిన్న నల్లని గుళికలు కనిపిస్తాయి. అసలు సంగతి ఆ గుళికల్లోనే ఉంది: రోకలిబండ తిన్న ఆకులో ఎక్కువ భాగం జీర్ణం కాకుండానే బయటపడుతుంది, కానీ నలిగి, తడిసి, సూక్ష్మజీవులు పట్టుకోవడానికి వీలైన ఉపరితలం ఎన్నో రెట్లు పెరిగి వస్తుంది. ఈనెలకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని విడగొట్టే శక్తి ప్రధానంగా శిలీంధ్రాలదే అయినా, వాటి ముందుకు ఆకును సిద్ధం చేసి పెట్టేవి ఈ జంతువులే.

1960ల తొలినాళ్లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో ఓక్, బీచ్ ఆకుల ముక్కలను రకరకాల కన్నాల వల సంచుల్లో పెట్టి మట్టిలో పాతిపెట్టగా, వానపాములు దూరగలిగిన సంచుల్లో ఆకు చాలావరకు మాయమైంది. సూక్ష్మజీవులకు తప్ప మరి దేనికీ దారిలేని సంచుల్లో నెలలు గడిచినా కంటికి కనిపించే మార్పు దాదాపు లేదు.

మన పొడి అడవుల్లో ఈ పనిలో పెద్ద వాటా చెదలది. పుట్టలు కట్టే చెదపురుగుల్లో ఒక వర్గం ఎండుటాకును, పుల్లను తిని, ఆ మలంతో స్పాంజివంటి అరలు కట్టి, వాటిపై శిలీంధ్రాన్ని సాగుచేసుకుంటుంది. వానలకు ఆ శిలీంధ్రమే పుట్టమీద గొడుగై లేస్తుంది. దానికి పుట్టగొడుగని పేరుపెట్టినవారు ఈ బంధాన్ని కళ్లారా చూసినవారే అయి ఉండాలి.

ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద పెట్టిన నిప్పు అదుపు తప్పితే, బూడిదలో సున్నం, పొటాష్ మిగిలినా, ఆకులోని నత్రజనిలో అధికభాగం పొగలో కలిసిపోతుంది, పైపొరలోని పురుగూ మాడిపోతుంది. రేపు బీట్లలో, రేంజిలలో బాధ్యతలు చేపట్టే పట్టభద్రులు అగ్నినష్టాన్ని నమోదు చేసేటప్పుడు కాలిన చెట్ల సంఖ్యతో ఆగక, కాలిపోయిన ఆకుపొర మందాన్ని కూడా కొలిచి రాయాలని ఈ సభ కోరుతున్నది.